ఫిజిక్స్ సప్లిమెంటరీ: 13 మార్కుల తరువాత నేను గడిపిన రోజులు

2024 ఏప్రిల్ 12 ఉదయం పదకొండు గంటలకు ఇంటర్మీడియట్ ఫలితాలు విడుదలయ్యాయి. చంద్రగిరిలో మా ఇంటి వసారాలో కూర్చుని మా అన్న తన ఫోనులో నా హాల్ టికెట్ నంబరు కొట్టాడు. రెండవ సంవత్సరం లెక్కల పేపర్లు రెండూ, కెమిస్ట్రీ, భాషలు అన్నీ గట్టెక్కాయి. ఫిజిక్స్ దగ్గర మాత్రం 60కి 13 అని ఉంది. పాస్ కావాలంటే అప్పట్లో 21 రావాలి. సైటు తప్పు చూపించిందేమోనని అన్న ఆ పేజీ మూసి మళ్ళీ తెరిచాడు. రెండవసారి కూడా 13 అనే ఉంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా, ముందు అన్నం తినమంది. నాయన సాయంత్రం బండి నిలిపి ఇంట్లోకి రాగానే మా ముఖాలు చూసి విషయం గ్రహించాడు. మామిడి కాయల సీజనులో గూడ్స్ ఆటో తోలి సంపాదించిన డబ్బును రెండేళ్ళపాటు నా కాలేజీ ఫీజుకు, హాస్టలుకు కట్టిన మనిషి ఆయన. ఆ రాత్రి ఆయన ఒక్క మాట కూడా అనకపోవడమే నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

మార్కులు మళ్ళీ లెక్కపెట్టించాలంటే పేపరుకు 260 రూపాయలు, జవాబుపత్రం స్కాన్ ప్రతితో సహా రీవెరిఫికేషన్ కావాలంటే 1,300 రూపాయలు కట్టాలని అన్న చదివి చెప్పాడు. నాయన కడతానన్నాడు. నేనే వద్దన్నాను. నేను పరీక్షలో ఏమి రాశానో నాకు తెలుసు. పెద్ద ప్రశ్నల్లో సగం పంక్తులు బట్టీ పట్టినవి, మిగతా సగం గుర్తు రానివి. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి ఇచ్చిన వారం రోజుల గడువులో మొదటి రోజే ఫీజు కట్టేశాము. నేను చదివిన కాలేజీవారు తప్పినవారందరికీ ప్రత్యేక తరగతులు పెడుతున్నామని, హాస్టలుతో కలిపి 12,000 అవుతుందని ఫోను చేశారు. రెండేళ్ళు ఏ పద్ధతిలో చదివి తప్పానో మళ్ళీ అదే పద్ధతికి డబ్బు కట్టడానికి నాకు మనసు రాలేదు.

మా వీధిలో ఒక అక్క చెప్పగా, ఏప్రిల్ 17న తిరుపతి బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి ఇంటికి వెళ్ళాము. మిద్దె మీద రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల, రెండు ఫ్యాన్లు, తొమ్మిదిమంది పిల్లలు. ఆయన మొదట అడిగింది నా రెండవ సంవత్సరం మార్కులు కాదు, మొదటి సంవత్సరం మార్కులు. 24 అని చెప్పాను. అవి ఎలా వచ్చాయని అడిగితే, రెండు మార్కుల ప్రశ్నలన్నీ కంఠతా పట్టానని నిజమే చెప్పాను. పాత వారపు పరీక్షల కాగితాలు ఏవైనా ఉంటే మరునాడు తెమ్మన్నారు.

ఆ రాత్రి ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక కట్ట తీశాను. మరునాడు సార్ అందులోంచి ఒకే ఒక్క కాగితం బయటికి లాగారు. ప్రశ్న ఇది: 20 సెంటీమీటర్ల దూరంలో రెండు సమాన ధనావేశాలు ఉన్నాయి, ఒక్కొక్కటి 2 మైక్రోకూలుంబులు, వాటి మధ్యబిందువు వద్ద విద్యుత్ క్షేత్రం ఎంత? నేను సూత్రం తప్పు లేకుండా రాశాను. 9 × 10⁹ ని 2 × 10⁻⁶ తో గుణించి, 0.1 వర్గంతో భాగించి, ఒక్కొక్క ఆవేశం వల్ల కూలుంబుకు 1.8 × 10⁶ న్యూటన్లు అని సరిగానే తెచ్చాను. తరువాత ఆ రెండింటినీ కూడి 3.6 × 10⁶ అని రాసి, చుట్టూ స్కేలుతో పెట్టె గీశాను. ఆ పెట్టె మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ఒక సున్నా. ఆ సున్నాను నాకు వచ్చిన మార్కు అనుకుని ఆరు నెలలు ఆ కాగితాన్ని పెట్టెలో దాచాను.

సార్ ఆ రెండు ఆవేశాల మధ్య పెన్సిలుతో ఒక చుక్క పెట్టారు.

"ఇక్కడ ఒక చిన్న ధనావేశం పెడితే అది ఎటు జరుగుతుందమ్మా?"

"జరుగుతుంది సార్."

"ఎటు?"

ఎడమవైపు ఆవేశం దాన్ని కుడివైపుకు నెడుతుంది, కుడివైపుది ఎడమకు నెడుతుంది, రెండు తోపులూ సమానమే. అది ఎటూ జరగదు. ఆ బిందువు దగ్గర క్షేత్రం సున్నా. దిద్దినవారు రాసిన సున్నా మార్కు మాత్రమే కాదు, ఆ లెక్కకు జవాబు కూడా అదేనని నాకు అప్పుడు తెలిసింది. "నీకు సూత్రం రాకపోవడం కాదమ్మా, బలం అంటే ఏమిటో తెలియదు. బలానికి దిక్కు ఉంటుందని పుస్తకంలో చదివావు, లెక్కలో మరిచిపోయావు" అని సార్ అన్నారు. ఆ మాట కఠినంగా అనలేదు. అయినా నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆ తరువాత ఆయన చెప్పిన మాట మా ఇంట్లో పెద్ద చర్చకు కారణమైంది. మూడు వారాలపాటు రెండవ సంవత్సరం పుస్తకం ముట్టుకోవద్దు, మొదటి సంవత్సరం బలాలు, చలనం దగ్గర మొదలుపెట్టాలి అన్నారు. పరీక్షలు మే 24న మొదలవుతాయి, నా పేపరు ఆ తరువాతి వారంలో. తప్పింది రెండవ సంవత్సరం పేపరైతే, అయిపోయిన మొదటి సంవత్సరం చదువుకుంటూ కూర్చోవడం ఏమిటని అన్న కోప్పడ్డాడు. నాకూ భయంగానే ఉంది. క్యాలెండరు మీద రోజులు ఎన్నిసార్లు లెక్కపెట్టానో చెప్పలేను. నాయన మాత్రం, పునాది కదిలిన గోడకు పైన సున్నం వేస్తే నిలుస్తుందా అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. అలా వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి నాలుగు రోజులు మేము చేసిన పని ఒకటే. ఒక వస్తువును తీసుకోవడం, దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా గీయడం. కాలేజీలో దాన్ని ఫ్రీ బాడీ డయాగ్రం అని నల్లబల్ల మీద వేసేవారు, మేము దించుకునేవాళ్ళం. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఆ మాటలో ఏది స్వేచ్ఛగా ఉందో ఎప్పుడూ అర్థం కాలేదు. సార్ దాన్ని స్వేచ్ఛా వస్తు పటం అని చెప్పి, చుట్టూ ఉన్న వాటన్నిటి నుంచీ ఆ వస్తువొక్కదాన్నీ విడదీసి గీయడమే స్వేచ్ఛ అని వివరించారు. గీసిన ప్రతి బాణానికీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ బలం ఎవరు వేస్తున్నారు, ఎవరి మీద? జవాబు చెప్పలేని బాణాన్ని చెరిపేయాలి.

బల్ల మీద పుస్తకం చూడటానికి చాలా చిన్న విషయం. భూమి దాన్ని కిందికి లాగుతుంది, బల్ల దాన్ని పైకి నెడుతుంది. ఇవి రెండూ చర్య, ప్రతిచర్య అని నేను రెండేళ్ళు నమ్మాను. ఎవరు, ఎవరి మీద అని అడిగినప్పుడు ఆ నమ్మకం నిలవలేదు, ఎందుకంటే రెండు బలాలూ పుస్తకం మీదే ఉన్నాయి. న్యూటన్ మూడవ నియమం చెప్పే జంట మాత్రం రెండు వేర్వేరు వస్తువుల మీద ఉండాలి. భూమి పుస్తకాన్ని లాగితే, దానికి జంట పుస్తకం భూమిని పైకి లాగడం. ఇంత చిన్న సంగతి తలకెక్కడానికి నాకు రెండు పూటలు పట్టింది. తొమ్మిదిమందిలో ఆరుగురు నాలాగే రాశారు కాబట్టి ఇది నా ఒక్కదాని లోపం కాదని ధైర్యం కలిగింది.

ఏప్రిల్ చివరి శనివారం అవ్వ మొక్కు తీర్చడానికి తిరుమల వెళ్ళాము. దిగేటప్పుడు బస్సు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా వస్తుంది. ప్రతి మలుపు దగ్గరా నేను కిటికీ వైపుకో, అవ్వ వైపుకో ఒరిగిపోతున్నాను. ఇదివరకైతే అపకేంద్ర బలం నన్ను బయటికి తోస్తోందని చెప్పేదాన్ని. ఆ రోజు కళ్ళు మూసుకుని, నన్ను తాకుతున్నవి ఏమిటని లెక్కపెట్టాను. కింద సీటు, పక్కన కిటికీ కమ్మీ, అంతే. బయటికి తోసేవారు ఎవరూ లేరు. బస్సు తిరుగుతోంది, నా శరీరం నేరుగా పోవాలని చూస్తోంది, కమ్మీ నన్ను లోపలికి నెట్టి తనతోపాటు తిప్పుతోంది. ఆ కమ్మీ భుజానికి ఒత్తుకున్న నొప్పే నాకు అభికేంద్ర బలం ఏ దిక్కున ఉందో చెప్పింది.

సోమవారం ఆ మాట చెబితే సార్ సంతోషించి, వెంటనే లెక్క ఇచ్చారు. చదునైన మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు, టైరుకు రోడ్డుకు మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, జారకుండా వెళ్ళగల గరిష్ఠ వేగం ఎంత? ఘర్షణే అభికేంద్ర బలాన్ని ఇవ్వాలి కాబట్టి 0.4, 20, భూమ్యాకర్షణ త్వరణం (జీ) 9.8 గుణిస్తే 78.4, దాని వర్గమూలం సెకనుకు దాదాపు 8.85 మీటర్లు, అంటే గంటకు సుమారు 32 కిలోమీటర్లు. బస్సు బరువు ఆ లెక్కలో కొట్టివేతకు పోయింది. నిండా జనం ఉన్నా, ఖాళీగా ఉన్నా ఈ హద్దు ఒకటేనని చూసి చాలాసేపు ఆశ్చర్యపోయాను.

మే మొదటి వారం చాలా చెడ్డగా గడిచింది. వాలు తలం లెక్కల మీద పెట్టిన పరీక్షలో నాకు 20కి 6 వచ్చాయి. బాణాలు సరిగా గీస్తున్నాను, కానీ భారాన్ని రెండు అంశాలుగా విడదీసేటప్పుడు సైన్ ఎక్కడ, కొసైన్ ఎక్కడ అన్నది ప్రతిసారీ తారుమారు అవుతోంది. ఇక నావల్ల కాదని అమ్మతో చెప్పి ఒక రోజు తరగతికి వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం ఇంటి ముందు నాయన బేనీషా కాయల పెట్టెలను బండి మీదనుంచి పలక మీదుగా జారుస్తున్నాడు. పలక నిటారుగా ఉంటే పెట్టె విసురుగా వస్తోంది. ఆయన పొడవాటి పలక తెచ్చి వేసుకుని, "పలక పొడవైతే బరువు తగ్గదు గానీ చేతికి సుఖం" అన్నాడు. నేను పలక ఒక చివర కిందికి దించుతూ పోయాను. పూర్తిగా నేలకు సమాంతరమైతే పెట్టె కదలదు. కోణం సున్నా అయినప్పుడు జార్చే బలం సున్నా కావాలి. సున్నా అయ్యేది సైన్. కాబట్టి పలక వెంబడి ఉండే అంశానికి సైన్, పలకను ఒత్తే అంశానికి కొసైన్. 20 కిలోల పెట్టె, 30 డిగ్రీల వాలు, జీ విలువ 10 అనుకుంటే జార్చే బలం 100 న్యూటన్లు, ఒత్తే బలం సుమారు 173 న్యూటన్లు. వాలును 20 డిగ్రీలకు దించితే జార్చే బలం 68కి పడిపోతుంది. ఆ రోజు నుంచి సందేహం వచ్చిన ప్రతిసారీ కోణాన్ని సున్నా చేసి చూడటం అలవాటైంది. ఇప్పుడు రాస్తుంటే చిన్న ఉపాయంలా కనిపిస్తుంది గానీ, నన్ను చదువు మానకుండా నిలిపింది అదే.

మే 8న సార్ రెండవ సంవత్సరం పుస్తకం తెరిపించారు. విద్యుత్ ఆవేశాలు, క్షేత్రాల అధ్యాయం. మొదటి లెక్కగా 4, 1 మైక్రోకూలుంబుల ధనావేశాలు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే క్షేత్రం ఎక్కడ సున్నా అవుతుందని అడిగారు. పరీక్షావేశాన్ని, అంటే సార్ చుక్కగా పెట్టినట్లు ఒక చిన్న ధనావేశాన్ని పెట్టి, రెండు బాణాలు గీసి, అవి ఎదురెదురుగా ఉండాలంటే రెండింటి మధ్యే ఉండాలని, చిన్న ఆవేశానికి దగ్గరగా ఉండాలని లెక్క మొదలుపెట్టకముందే చెప్పాను. పెద్దదాని నుంచి 20, చిన్నదాని నుంచి 10 సెంటీమీటర్లు. పెన్ను ముట్టకుండానే ఎటువైపు ఉంటుందో చెప్పగలగడం నా జీవితంలో అదే మొదటిసారి.

తరువాత మూడు రోజులు పోయాయి. మే 13న ఎన్నికల పోలింగు. ఓటు వేయడానికి బెంగళూరు నుంచి, చెన్నై నుంచి వచ్చినవారితో బస్సుల్లో కాలు పెట్టే చోటు లేక, సార్ కూడా తరగతులు ఆపేశారు. ఇంట్లోనే ఉండి అన్న ముందు దువ్వెనతో, కాగితం ముక్కలతో ప్రయోగం చేయబోయాను. ముందు రాత్రి వాన పడి గాలి తేమగా ఉండటంతో దువ్వెన ఒక్క ముక్కను కూడా లాగలేదు. తేమ గాలిలో ఆవేశం నిలవక కారిపోతుందని తెలుసు కాబట్టి ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగి మళ్ళీ చేశాను. ముక్కలు ఎగిరి అతుక్కున్నాయి. మూడు వారాలుగా మొదటి సంవత్సరం చదువు దండగ అంటూ వచ్చిన అన్న తానూ ఒకసారి చేసి చూశాడు.

మే 16న ఇచ్చిన లెక్కను నేను ఎప్పటికీ మరిచిపోలేను. దారంతో వేలాడదీసిన 1 గ్రాము గోళం మీద 1 మైక్రోకూలుంబు ఆవేశం ఉంది; కూలుంబుకు 10⁴ న్యూటన్ల క్షేత్రాన్ని క్షితిజ సమాంతరంగా కలిగిస్తే దారం ఎంత ఒరుగుతుంది? మాకు అప్పటివరకు ఇలాంటి లెక్క చేసి చూపించలేదు. కాగితం మీద గోళాన్ని ఒక్కదాన్నే గీశాను. దాన్ని పట్టుకున్నవారు ఎవరు? భూమి కిందికి, దారం తన వెంబడి పైకి, క్షేత్రం పక్కకు. మూడే బాణాలు. భారం 0.01 న్యూటను, క్షేత్రం వేసే బలం కూడా 0.01 న్యూటను. టాన్ విలువ 1, కోణం 45 డిగ్రీలు. దారంలో తన్యత, అంటే దారం లాగే బలం, సుమారు 0.014 న్యూటన్లు. రెండుసార్లు సరిచూసుకుని కాగితం ఇచ్చాను. సార్ ఏమీ అనకుండా దాన్ని నల్లబల్లకు అతికించారు.

ఆ తరువాత ఒకదాని వెంట ఒకటి సులువుగా సాగాయి. రెండు పలకల మధ్య ఏకరీతి క్షేత్రంలోకి అడ్డంగా దూసుకువచ్చే ఎలక్ట్రాను దారి పరావలయం అవుతుందని నిరూపించమంటే, అది మిద్దె మీదనుంచి అడ్డంగా విసిరిన రాయి లెక్కేనని గుర్తుపట్టాను. జీ స్థానంలో మరొక త్వరణం వస్తుంది, అంతే. క్షేత్రం కూలుంబుకు 1000 న్యూటన్లు మాత్రమే అయినా ఆ త్వరణం సెకను వర్గానికి 1.76 × 10¹⁴ మీటర్లు వస్తుంది, కాబట్టి అక్కడ భూమ్యాకర్షణను ఎందుకు వదిలేస్తారో కూడా అర్థమైంది. మిగిలిన అధ్యాయాలు, విద్యుత్ ప్రవాహం, కాంతి, అర్ధవాహకాలు, సమయం చాలక చాలావరకు ఎంపిక చేసుకునే చదివాను. అన్నీ ఇదే విధంగా చదివానని చెబితే అది అబద్ధం అవుతుంది.

పరీక్ష మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నర వరకు. మే నెల తిరుపతి ఎండలో ఒంటిగంటకే కేంద్రం ముందు నిలబడటం పరీక్ష కంటే కష్టం. గొడుగు, రెండు సీసాల నీళ్ళు తీసుకువెళ్ళాలని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళేసరికే తల తిరిగింది. మార్చి పరీక్షలో పేపరు అందగానే రెండు మార్కుల జవాబుల కోసం గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఈసారి మొదటి పది నిమిషాలు లెక్కలున్న ప్రశ్నలకు పటాలు గీసుకోవడానికే వాడాను. చేయి వణికింది, కానీ మనసు వణకలేదు. చివరి పావుగంటలో ఒక నాలుగు మార్కుల ప్రశ్న సగంలో ఆగిపోయింది.

ఎదురుచూపు సుమారు మూడు వారాలు. మధ్యలో ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్) ర్యాంకు కూడా వచ్చింది, చాలా దూరంగా. సప్లిమెంటరీ గట్టెక్కకపోతే ఆ ర్యాంకుతో పనే లేదు. జూన్ 18న రెండవ సంవత్సరం సప్లిమెంటరీ ఫలితాలు వచ్చినప్పుడు ఫోను నేనే పట్టుకున్నాను. ఫిజిక్స్: 60కి 41. నాయన ఆ అంకెను అన్నతో రెండుసార్లు చదివించుకున్నాడు.

ఖర్చు అడిగేవారి కోసం చెబుతున్నాను: ట్యూషనుకు 4,000, బస్సులకు రెండువేల పైచిలుకు, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి దాదాపు ఏడున్నర వేలు అయ్యాయి. ఎనిమిది పొడుగు నోటుపుస్తకాలు నిండాయి, వాటిలో సగానికి పైగా బాణాలే.

మరునాడు లడ్డూలు తీసుకుని బైరాగిపట్టెడ వెళ్ళాము. సార్ ఒక లడ్డూ చేతిలో పెట్టుకుని, చదవకుండా వదిలేసిన అంశం ఏమిటని అడిగారు. ఏకరీతి క్షేత్రంలో ద్విధ్రువం, అంటే కొంత దూరంలో ఉన్న సమాన ధన, ఋణ ఆవేశాల జంట, అని చెప్పాను. రెండు కొనల మీద బలాలు సమానంగా, ఎదురుగా ఉంటాయి కాబట్టి మొత్తం సున్నా, మరి అది ఎందుకు కదులుతుందో నాకు తెలియక వదిలేశాను. ఆయన తన పెన్సిలును బల్ల మీద పెట్టి, రెండు కొనలను రెండు వేళ్ళతో ఎదురెదురు దిక్కులకు నెట్టమన్నారు. పెన్సిలు ఉన్నచోటే ఉండి గిర్రున తిరిగింది. నాయన కూడా వంగి చూశాడు.